కడిగించుకోని కాళ్లు

మా మామయ్య స్వామిదాసు తగ్గింపు గురించి, అంటే అణకువ గురించి, ఆలూరులో ఎవరినడిగినా చెబుతారు. చేవెళ్ల చుట్టుపక్కల సంఘాల్లోనూ చెబుతారు. నేను చెప్పేది మాత్రం వాళ్లు చెప్పినట్టు ఉండదు. వాళ్లు ఆయన్ని ఆదివారం చూస్తారు, నేను వారమంతా చూస్తాను. ఆయన కోడలిని.

నాది షాబాద్. పుట్టింట్లో అందరం గట్టిగా మాట్లాడేవాళ్లమే. కోపమొస్తే అరుచుకుని, కాసేపటికి ఒకే గిన్నెలో కూర వేసుకుని తినేవాళ్లం. తగ్గింపు గల ఇల్లు ఎలా ఉంటుందో ఇక్కడికి వచ్చాకే తెలిసింది. వేడన్నం వడ్డించబోతే మామయ్య పళ్లేనికి చెయ్యి అడ్డం పెట్టేవాడు. "పొద్దుగాలది ఉన్నది గదా లిదియా, నాకు అది ఎయ్యి బిడ్డా" అనేవాడు. ఆయన చద్దన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని వేడన్నం మింగడం ఎంత కష్టమో తిన్నవాళ్లకే తెలుస్తుంది. నా భర్త వరప్రసాద్ చందనవెల్లి ఫ్యాక్టరీలో డ్యూటీ చేసి ఆకలితో వచ్చేవాడు. తండ్రి పళ్లెం చూసి, తనకూ చద్దన్నమే వేయమనేవాడు. వేడన్నం ఎవరూ ముట్టక మిగిలిపోయి, మర్నాటికి అదే చద్దన్నమయ్యేది. మా అత్తమ్మ నేను రాకముందే పోయింది. ఆమె ఈ ఇంట్లో ఎప్పుడైనా వేడివేడిగా తిన్నదా అని నాకు అనుమానం.

మామయ్య చేవెళ్ల సర్కారు బడిలో అటెండరుగా చేసి రిటైరయ్యాడు. వీడ్కోలు రోజు దిగిన ఫొటో మా ముందు గదిలో ఉంది. హెడ్మాస్టరు, టీచర్లు అంతా వరసగా కుర్చీల్లో ఉంటారు. మధ్యలో కుర్చీ వేసి కూర్చోమంటే ఈయన వినలేదట, వాళ్ల ముందు నేల మీద కూర్చున్నాడు. అంత మందిలో కంటికి మొదట కనిపించేది ఆయనే. ఆ మాట ఒకసారి నవ్వుతూ అన్నాను. మామయ్య నవ్వలేదు.

చర్చిలోనూ అంతే. సంఘ పెద్ద అయినా చివరి చాప మీద, చెప్పులు విడిచే చోట కూర్చుంటాడు. పాస్టరయ్య ముందుకు రమ్మని పిలుస్తాడు. "నేనెంతటివాణ్ని అయ్యగారూ" అని ఈయన చేతులు జోడిస్తాడు. అప్పుడు చర్చి మొత్తం వెనక్కి తిరిగి చూస్తుంది.

ఆయనకు పెద్ద పేరు తెచ్చింది మాత్రం కాళ్లు కడగడం. శుభ శుక్రవారానికి ముందు రోజు సాయంత్రం మా చర్చిలో పన్నెండు మందిని బెంచీల మీద కూర్చోబెట్టి కాళ్లు కడుగుతారు, ప్రభువు శిష్యుల కాళ్లు కడిగిన గుర్తుగా. మా పాస్టరయ్యకు చాలా ఊళ్లున్నాయి, ఆ సాయంత్రం అన్నిచోట్లకీ రాలేడు. అందుకని ఆలూరులో ఆ పని ఎప్పటినుంచో మామయ్యదే. దానికోసం విడిగా ఒక జర్మన్ సిల్వర్ గిన్నె ఉంది. ఏడాదంతా గుడ్డలో చుట్టి మంచం కింద పెడతాడు, ఆ వారం చింతపండుతో తోమి తళతళలాడిస్తాడు. ఒక ఏడు పాస్టరయ్య మా ఊళ్లోనే ఉండిపోయి, "ఈసారి మీరు కూర్చోండి, మీ కాళ్లు నేను కడుగుతాను" అన్నాడు. మామయ్య రెండడుగులు వెనక్కి వేసి, "వద్దయ్యా, నేను తగను" అన్నాడు. ఆడవాళ్లంతా కొంగులు కళ్లకు అద్దుకున్నారు. నేను ఆయన మొహమే చూస్తున్నాను. ఆ క్షణంలో ఆ మొహంలో ఉన్నది సంతోషం, ఇంకోటి కాదు.

ఆ పన్నెండు మందిలో ఏటా ఉండేవాడు నతానియేలు, మామయ్యకు ఒక్కగానొక్క తమ్ముడు. మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒకటే గోడ. ఆయన ఆలూరు చౌరస్తా నుంచి మొయినాబాద్ దాకా ఆటో నడిపేవాడు, చర్చిలో ఢోలక్ వాయించేవాడు. ఆయనకు అరికాలిలో చక్కిలిగింతలు ఎక్కువ. అన్న వేలు తగిలిందంటే చాలు, కిసుక్కుమని నవ్వేవాడు. ఆయన్ని చూసి చర్చంతా నవ్వేది. "గింత పవిత్రమైన పనిల ఆ నవ్వేందిరా" అని ఇంటికొచ్చాక మామయ్య కసిరేవాడు. "ఏం జేయనన్నా, కాలు నా మాట ఇనదు" అనేవాడు చిన్నమామయ్య. ఏటా ఇదే గొడవ. ఆ నవ్వు కోసమే మేమంతా ఎదురుచూసేవాళ్లమని మామయ్యకు తెలియదు.

చిన్నమామయ్యకు ఒక్కతే కూతురు, జెన్నీ. చందనవెల్లి కంపెనీలో ఉద్యోగం చేస్తూ అక్కడే పనిచేసే అభిలాష్‌ను ఇష్టపడింది. అతనిది మొయినాబాద్ వైపు పొలాలున్న కుటుంబం. తండ్రి మల్లేశ్ ఒకప్పుడు సర్పంచ్. మల్లేశ్ స్వయంగా వచ్చి చిన్నమామయ్య ఇంట్లో కూర్చుని చాయ్ తాగి, "పిల్ల మాకు నచ్చింది, మాకేం అక్కర్లే. పెండ్లి మాత్రం మా పద్ధతిల జరగాలె, మా పెద్దోళ్ల కోసం" అన్నాడు. చిన్నమామయ్య కూతురి మొహం చూసి సరేనన్నాడు.

పెళ్లి మొయినాబాద్‌లో ఒక ఫంక్షన్ హాల్లో జరిగింది. మామయ్య రాలేదు. వరప్రసాద్, నేను వెళ్లాం. మంత్రాలు చదువుతుంటే, చిన్నత్త విమలమ్మ చెంబుతో నీళ్లు పోసింది, చిన్నమామయ్య పీట మీద కూర్చుని పెళ్లికొడుకు కాళ్లు పళ్లెంలో పెట్టి కడిగాడు. కడుగుతూ కడుగుతూ అభిలాష్ అరికాలు మీద వేలితో గీరాడు. అంత బిగుసుకుని కూర్చున్న పిల్లవాడు ఫక్కున నవ్వేశాడు. జెన్నీ కూడా నవ్వింది. ఆ పెళ్లిలో నాకు బాగా గుర్తున్నది అదే.

ఆ వీడియో ఊళ్లో అందరి ఫోన్లలోకీ వచ్చింది. మామయ్య వరప్రసాద్ ఫోన్ తీసుకుని, మళ్లీ మళ్లీ వెనక్కి జరిపి చూశాడు.

"మా తాత గసుంటోళ్ల పొలాలల్ల పనిజేసిండు. వాకిట్ల నిలబడి దోసిలి పడితే పైనుండి నీళ్లు పోసేటోళ్లు" అన్నాడు ఫోను కింద పెట్టి. "ప్రభువు పేరు చెప్పుకొని మనం లేచి నిలబడ్డం. వీడు పొయ్యి మళ్లా ఆళ్ల కాళ్ల కాడ కూసున్నడు."

ఆ మాటలో నిజం లేదని నేను అనను. ఆయన తాత పడ్డ అవమానం నిజం. అది తలచుకుని కుమిలిపోయి ఉంటే, తమ్ముణ్ని నిలదీసి నాలుగు తిట్లు తిట్టి ఉంటే, నేను ఆయన పక్కనే ఉండేదాన్ని. ఆయన తిట్టలేదు. తర్వాతి ఆదివారం సంఘం ముందు నిలబడి కన్నీళ్లు పెట్టుకుని, "నా తమ్ముడు అన్య పూజల కూసున్నడు. సొంత రక్తమని నేను ఊకుంటే దేవుడు నన్ను అడుగుతడు" అన్నాడు. కమిటీ కూర్చుంది. చిన్నమామయ్య సంఘం ముందు మోకరించి తప్పు ఒప్పుకునేదాకా బల్లకు, అంటే ప్రభు భోజనానికి, రాకూడదని నిర్ణయించారు. కొత్తగా వచ్చిన పాస్టరయ్యకు అంత దూరం వెళ్లడం ఇష్టం లేదు, కానీ "మీరే పెద్దలు" అని ఊరుకున్నాడు. తమ్ముణ్ని కూడా వదలలేదని మామయ్య పేరు ఇంకా పెరిగింది.

చిన్నమామయ్య గోడ దగ్గరికొచ్చి ఒక్క మాటే అడిగాడు. "కాళ్లు కడుగుడు తప్పా అన్నా? నువ్వు ఏటా కడుగుతవు గదా."

"నేను ప్రభువు పేరు మీద కడుగుతున్న."

"నేను బిడ్డ పేరు మీద కడిగిన" అని ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

మోకరించలేదు, చర్చి మానలేదు. మామయ్య కూర్చునే చివరి చాపకు కూడా వెనక, గుమ్మం పక్కన కూర్చునేవాడు. రొట్టె, ద్రాక్షారసం బయటికి తీసే వేళకు లేచి వెళ్లి తన ఆటోలో కూర్చునేవాడు. ఢోలక్ వేరేవాళ్లు వాయించారు. కాళ్లు కడిగే సాయంత్రాల్లో పన్నెండో మనిషిగా వేరేవాళ్లు కూర్చున్నారు. ఎవరూ నవ్వలేదు. పని చాలా పవిత్రంగా జరిగిపోయేది.

అలా కొన్నేళ్లు గడిచాక చిన్నమామయ్యకు కడుపులో క్యాన్సరని తేలింది. హైదరాబాద్‌లో పెద్ద దవాఖానలో చూపించారు. జెన్నీ, అభిలాష్ దగ్గరుండి తిప్పారు. చివరికి డాక్టర్లు ఇంటికి తీసుకెళ్లమన్నారు. ఆయన మంచం మీద చిక్కి ఇంతైపోయాడు. వెళ్లినవాళ్లందరినీ ఒకటే అడిగేవాడు. "అన్న ఎట్లున్నడు? అన్న వస్తడా?" గోడ అవతలి మనిషిని గురించి అలా అడుగుతుంటే నాకు ఏడుపొచ్చేది. వరప్రసాద్ వెళ్లి తండ్రి ముందు ఏడ్చాడు.

"వస్త. నేనే పొయ్యి వాని కాళ్లు కడిగి, వానితోని మాట్లాడుత" అన్నాడు మామయ్య.

నేను నిజంగా సంబరపడ్డాను. ఆయన గిన్నె తోముకుంటుంటే చింతపండు నేనే నానబెట్టి ఇచ్చాను. మధ్యాహ్నం ఆయన బయల్దేరేసరికి ముంగిట్లో నలుగురు సంఘ పెద్దలున్నారు. వాళ్లలో అనంతయ్య అందరికంటే ముందు నిలబడ్డాడు. చెప్పి పిలిపించింది మామయ్యే. నా సంబరం అక్కడే సగమైంది.

చిన్నమామయ్య అన్నను చూడగానే లేవబోయాడు, చేతకాలేదు. వెనకున్న వాళ్లను చూసి, "జర మీరు బయట కూసోండ్రి అన్నా, మేమిద్దరం మాట్లాడుకుంటం" అన్నాడు. వాళ్లు బయటికి పోయారు. చిన్నత్త, నేను వంటింటి గుమ్మంలో ఉన్నాం.

మామయ్య నేల మీద కూర్చుని గిన్నెలో నీళ్లు పోసుకున్నాడు. "కాలియ్యిరా" అన్నాడు.

"ఏటా నువ్వే కడిగినవ్. ఇయ్యాల నేను కడుగుత. నువ్వు గీ మంచం మీద కూసొని కాళ్లు పెట్టు. ఒక్కసారి, నా పానం ఉండంగనే."

"వద్దురా. నేను తగను."

"మరి నేను తగుతనా?" చిన్నమామయ్య మంచం మీద పక్కకు జరిగి అన్నకు చోటిచ్చాడు. "తగననే గదా బల్ల కాడికి రానియ్యలే. తగనోని చేతుల కాళ్లు పెట్టనీకి నీకు నామోషీ. నువ్వు కడిగితే నువ్వు పెద్దోనివి. నేను కడిగితే ఇద్దరం ఒక్కటైతమన్నా. గంతే నేను అడిగేది."

మామయ్య తల దించుకున్నాడు. ఒప్పుకుంటాడనుకున్నాను. చిన్నత్త నా చెయ్యి పట్టుకుంది. ఆయన లేచి గిన్నె చేతుల్లోకి తీసుకుని, "ముందు సంఘం ముంగట ఒక్క మాట ఒప్పుకో. అయ్యగారిని ఇంటికే పిలిపిస్త. తర్వాత నువ్వెట్లంటే అట్ల" అన్నాడు.

చిన్నమామయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ గోడకు ఇవతల మా ఇల్లు.

ఇంటికొచ్చాక నేను ఊరుకోలేదు. ఊరుకునే మనిషిని కాను. "కాళ్లు చాపితే ఏం పోతుండె మామయ్యా? గది తగ్గింపు కాదు. ఆయన ముంగట మీ మనసు జర కూడ వంగలే" అన్నాను. పెళ్లయి వచ్చినప్పటినుంచి ఆయనతో అంత మాట ఎప్పుడూ అనలేదు. వరప్రసాద్ కళ్లతోనే నన్ను ఆపబోయాడు. మామయ్య కోప్పడలేదు. ఆ పూట చద్దన్నం కూడా తినలేదు.

తెల్లవారాక నేను ముంగిలి ఊడుస్తుంటే ఆయన నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"పోతున్న బిడ్డా. వాడు అడిగినట్టే కూసుంట. ఎవ్వరినీ పిలువలే" అన్నాడు.

చీపురు పారేసి ఆయన చేతులు పట్టుకున్నాను. ఆయన నేరుగా వెళ్లి ఉంటే ఈ కథ ఇంకోలా ఉండేది. రెండడుగులు వేసి, ఆగి, తన కాళ్ల వైపు చూసుకున్నాడు. జీవితమంతా చెప్పుల్లేకుండా తిరిగిన కాళ్లు, పగుళ్లలో మట్టి నల్లగా పట్టుకుని ఉంది. ఆయన నల్లా దగ్గరికి వెళ్లి రాయి తీసుకుని మడమలు రుద్దడం మొదలుపెట్టాడు.

"అట్లనే పోండి మామయ్యా. ఆయన కడుగుతడు గదా" అన్నాను.

"గీ కాళ్లతోనా? వాని చేతులకు గీ మట్టి అంటాల్నా?"

"అందుకే గదా కడిగేది!"

ఆయన వినలేదు. ఒక కాలు అయ్యాక రెండోది మొదలుపెట్టాడు. సబ్బు తెమ్మన్నాడు. ఇవ్వనన్నాను, తానే వెళ్లి తెచ్చుకున్నాడు. గోళ్ల సందుల్లో మట్టి పుల్లతో తీసుకున్నాడు. తమ్ముడి చేత కడిగించుకోవడానికి పోయే మనిషి, తమ్ముడు కడగడానికి ఏమీ మిగలకుండా కడుక్కుంటున్నాడు. ఇప్పుడు తలచుకున్నా నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపిస్తుంది. తువ్వాలుతో కాళ్లు తుడుచుకుంటుండగా గోడ అవతల చిన్నత్త గొంతు వినిపించింది. అది పిలుపు కాదు, ఏడుపు.

మామయ్య ఒంటి కాలి మీద అలాగే నిలబడిపోయాడు.

నేను పరుగెత్తుకుంటూ వెళ్లేసరికి అంతా అయిపోయింది. పొయ్యి మీద పెద్ద గిన్నెలో నీళ్లు అప్పటికే పొగలు కక్కుతున్నాయి. స్నానానికి నీళ్లు కాచమని ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది.

వాకిట్లో బెంచీ వేసి మగవాళ్లు ఆయనకు స్నానం చేయించారు. కాళ్ల దగ్గర మామయ్య కూర్చున్నాడు. నీళ్లు పోసి అరికాలు రుద్దాడు. కాసేపు చెయ్యి తీయకుండా అలాగే ఉండిపోయి, వేలితో గీరాడు. ఆయన దేనికోసం చూస్తున్నాడో నాకు తెలుసు. నేనూ దానికోసమే చూశాను. ఆ కాలు కదల్లేదు. ఆ నవ్వు ఇక ఎక్కడా లేదు.

పక్కన అనంతయ్య మెల్లగా అంటున్నాడు. "చూడుండ్రి, బల్లకు దూరం పెట్టిన తమ్ముడైనా కాళ్లు కడుగుతుండు. గిట్లాంటి తగ్గింపు ఏడ చూస్తం." మామయ్య తలెత్తి ఆయన వైపు చూశాడు. ఎవరో చెంప మీద కొట్టినట్టుంది ఆ చూపు.

పాస్టరయ్య ఎవరినీ అడగకుండా శవపెట్టెను చర్చిలోకి తీసుకురమ్మన్నాడు. ప్రార్థన చేసి సమాధి తోటలో మంచి చోటే ఇచ్చారు. కానీ చిన్నమామయ్య బల్ల దగ్గరికి రాకుండానే పోయాడు, అది ఎవరూ మార్చలేరు.

తర్వాతి ఆదివారం సాక్ష్యాల వేళ, ఎవరి అనుభవం వాళ్లు చెప్పుకునేటప్పుడు, మామయ్య లేచాడు. మొదటిసారి ఎవరూ పిలవకుండానే ముందుకు నడిచాడు.

"నా తమ్ముణ్ని బల్ల కాడికి రాకుండ జేసింది నేనే" అన్నాడు. "వాక్యం కోసం కాదు, నా పేరు కోసం. వాడు సచ్చిపోయేముందు ఒక్కటి అడిగిండు, ఇయ్యలే. మీరంత నన్ను తగ్గింపు ఉన్నోడంటున్నరు. నేను గర్వం ఉన్నోణ్ని. నాకంటే గర్వం ఉన్నోడు ఈ ఊర్ల లేడు. జర నన్ను నమ్ముండ్రి."

చర్చంతా ఒక్కసారిగా "స్తోత్రం" అంది. ఆడవాళ్లు వెక్కి వెక్కి ఏడ్చారు. అనంతయ్య లేచి వచ్చి ఆయన్ని కౌగలించుకుని, "గింతగానం తగ్గించుకునుడు మాకు ఎప్పుడొస్తదన్నా" అన్నాడు. మామయ్య ఆయన భుజం మీదుగా అందరి మొహాలూ వెతికాడు, తన మాట నమ్మినవాళ్లు ఒక్కరైనా ఉన్నారేమోనని. చివరికి నన్ను చూశాడు. ఆ చర్చిలో ఆయన్ని నమ్మినదాన్ని నేనొక్కదాన్నే. నమ్మి ఆయనకు నేను చేయగలిగింది ఏమీ లేదు.

మర్నాడు పొద్దున ఆయన గిన్నెతో గోడ చుట్టూ తిరిగి చిన్నత్త ఇంటికి వెళ్లాడు. ఏమైపోతాడోనని నేనూ వెనకాలే వెళ్లాను. గడప ముందు నేల మీద కూర్చుని, నీళ్ల గిన్నె ముందు పెట్టి, రెండు కాళ్లూ చాపాడు. ఈసారి కడుక్కోలేదు, మట్టితోనే ఉన్నాయి.

"విమలా, వాని బదులు నువ్వన్న కడుగు" అన్నాడు.

చిన్నత్త గుమ్మంలో నిలబడింది. ఆమెకు కోపం ఉన్నట్టు లేదు. కోపం ఉన్నా బాగుండేదనిపించింది నాకు.

"ఆ పొద్దుగాల ఆయన లేవంగనే నన్ను నీళ్లు కాగబెట్టమన్నడు బావా" అంది. "అన్న రాకుండ ఉండడు, చల్లటి నీళ్లయితే అన్నకు కాళ్లు గుంజుతయ్ అన్నడు. మీ కోసం పెట్టిన నీళ్లు అవి. గవే ఆయనకు పోసిన్రు."

వంగి, గిన్నెలో నీళ్లు గడప పక్కన పారబోసి, గిన్నె ఆయన దగ్గర పెట్టి లోపలికి వెళ్లింది. తలుపు దగ్గరికి వేసింది.

మామయ్య కాళ్లు చాపుకుని అలాగే కూర్చున్నాడు. నేను వెళ్లి, లేపడానికి చెయ్యి అందించాను.

"వద్దు బిడ్డా, నేనే లేస్త" అన్నాడు.

చాలాసేపు లేవలేకపోయాడు.